రెండో మడుగు

జనవరి ఒకటో తారీకు ఆరాధనలో మాణిక్యం గారు లేచి నిలబడి, తన భార్య పాదాలకు స్పర్శ తిరిగి వచ్చిందని సాక్ష్యం చెప్పారు. అప్పటికి రాలేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, ఆడవాళ్ళ వైపు కూర్చున్న జ్ఞానమ్మకూ తెలుసు.

ఆయన అబద్ధం చెప్పారని అనడం నాకిష్టం లేదు. ఆ పొద్దునే గుళ్ళో వాగ్దాన కార్డులు పంచారు. పళ్ళెంలో బోర్లించి పెట్టిన కార్డుల్లోంచి ఇంటికొకటి తీసుకుంటారు. అందులో ఏ వాక్యం వస్తే అదే ఆ ఏడాదికి ఆ ఇంటికి దేవుడిచ్చిన మాట. మాణిక్యం గారి చేతికి పాదాల గురించిన వాక్యం వచ్చింది. జరగబోయేదాన్ని జరిగిపోయినట్టే నమ్మి ముందుగానే స్తోత్రం చెల్లించాలని పాస్టరు గారు అరగంట కిందటే బోధించి ఉన్నారు. మాణిక్యం గారిది గుడివాడ డిపోలో కండక్టరుగా చేసి రిటైరైన గొంతు, మైకు అక్కర్లేదు. సంఘమంతా హల్లెలూయా అంది.

"ఈ నెల చివరి ఆదివారం సాక్ష్యాల ఆరాధనకి అమ్మగారే వచ్చి తన నోటితో చెబుతారు" అన్నారు పాస్టరు గారు.

జ్ఞానమ్మ తల దించుకుని తన కాళ్ళు చూసుకుంది. ముందు కూర్చున్నావిడ ప్లాస్టిక్ కుర్చీ కోడు సరిగ్గా తన ఎడమ కాలి చిటికెన వేలి మీద ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో. మెల్లిగా కాలు లాక్కుంది.

ఆమెకు షుగరొచ్చి చాలా ఏళ్ళయింది. పాదాలు మొద్దుబారి మూడేళ్ళు. మేజోడు తొడిగితే ఎంతమేర వస్తుందో అంతమేర ఏమీ తెలియదు. దానిపైన పిక్క మామూలే, చీమ కుట్టినా తెలుస్తుంది. చేతికర్ర సాయంతో నడుస్తుంది. బందరులో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నర్సుగా చేస్తున్న కూతురు నిస్సీ, ప్రతి ఫోన్లోనూ ఒకటే పాఠం చెబుతుంది. "అమ్మా, స్నానానికి నీళ్ళు ముందు చేత్తో చూసుకో. కాళ్ళ మాట నమ్మకు." జ్ఞానమ్మ ఆ ఒక్క పని ఎప్పుడూ మరిచిపోలేదు.

ఆమెకిప్పుడు వచ్చిన కష్టం కాళ్ళది కాదు, నోటిది. మంచి మనిషి, ఇరుగుపొరుగుతో సర్దుకుపోయే మనిషి. కూర బాగుందా అని అడిగితే బాగాలేకపోయినా బాగుందంటుంది. కానీ ప్రసంగ వేదిక దగ్గర నిలబడి, దేవుడు చేయని పని చేశాడని చెప్పడం ఆమె వల్ల కాదు. భర్త మాట కాదనడం కూడా ఆమె వల్ల కాదు. అందుకని పొద్దునా సాయంత్రం ఒకటే ప్రార్థన చేసేది. "ప్రభువా, నడకివ్వమని అడగను. పూర్తిగా బాగుచేయమని కూడా అడగను. ఆదివారంలోపు ఒక్కసారి తెలిసేట్టు చెయ్యి. ఒక్కసారి తెలిస్తే చాలు, నిజమే చెప్పి కూర్చుంటాను."

మూడో వారంలో మాణిక్యం గారి అక్క రమణమ్మ బందరు నుంచి వచ్చింది. ఆవిడ వచ్చిందంటే ఇంట్లో కుర్చీలు కూడా సర్దుకుని కూర్చుంటాయి.

"ఇంకా కర్ర పట్టుకునే తిరుగుతున్నావేంటమ్మా? తమ్ముడు సాక్ష్యం చెప్పాడని మా బందరులో కూడా తెలిసింది. రేపు ఆదివారం గుళ్ళోకి ఈ కర్రతోనే వెళ్తావా?"

"ఏం చెయ్యను వదినా, ఇంకా తెలియట్లేదు."

"తెలియట్లేదు తెలియట్లేదు అంటుంటే ఎక్కడ తెలుస్తుంది? అది నోరా, పాడయిపోయిన రేడియోనా?" అని తమ్ముడి వైపు తిరిగింది. "దివిసీమలో వేడినీళ్ళ లంక ఉంది. నా మోకాళ్ళు అక్కడికెళ్ళాకే వంగుతున్నాయి. దీన్ని కూడా తీసుకెళ్దాం పద."

ఎప్పుడో చమురు కోసం తవ్వి వదిలేసిన బోరు అది. నాగాయలంక నుంచి కృష్ణలో ఎగువకు వెళ్తే ఒక లంకలో ఉంది. పైపులోంచి రాత్రీపగలూ వేడినీళ్ళు పొంగుతూనే ఉంటాయి. మోకాళ్ళ నొప్పులవాళ్ళూ గజ్జిపట్టినవాళ్ళూ బోటు కట్టించుకుని వెళ్తున్నారు.

మాణిక్యం గారు కొంచెం ఆలోచించారు. "ముందే సాక్ష్యం చెప్పేశాను కదక్కా. మళ్ళీ నీళ్ళ కోసం వెళ్తే అవిశ్వాసం అవదా?"

"ఆ నీళ్ళు మాత్రం ఎవరివి?"

ఆ మాటతో ఆయన మనసు తేలికపడింది. నిజానికి అది మంచి మాటే. మంచి మాటలు కూడా ఎక్కడికి తీసుకెళ్తాయో ముందు తెలియదు, అంతే.

"నిస్సీకి ఓ మాట చెప్పి వెళ్దామండీ" అంది జ్ఞానమ్మ.

"దానికి చెప్పావంటే ఫోన్లోనే ఆస్పత్రి తెరుస్తుంది. వచ్చాక చెబుదువుగాని" అన్నారాయన.

శుక్రవారం తెల్లవారాక కారు మాట్లాడుకుని బయల్దేరారు. దారి పొడుగునా మంచు. మోపిదేవిలో పుట్టువెంట్రుకలు తీయించిన పిల్లల్ని భుజాల మీద వేసుకుని జనం తడిబట్టలతో రోడ్డు దాటుతున్నారు.

"చూడు, ఇంత చలిలో తలమీంచి నీళ్ళోసుకుని వస్తున్నారు. వాళ్ళది నమ్మకమంటే. మనకే అన్నీ అనుమానాలు" అంది రమణమ్మ. మనకే అన్నా, అది ఎవరికి తగలాలో వాళ్ళకే తగిలింది.

నాగాయలంక రేవులో బాబూరావు అనే అతను కాచుకుని ఉన్నాడు. గిలకలదిండి హార్బరు నుంచి సముద్రం మీద చేపల వేటకు వెళ్ళినవాడు. ఇప్పుడు ఫైబర్ బోటు ఒకటి కొని, వెనక పెద్ద ఇంజను తగిలించి, లంకకు మనుషుల్ని తిప్పుతున్నాడు.

"రండి మాస్టారూ, రండి అత్తయ్యగారూ. రమణమ్మ గారూ, మీ మోకాళ్ళు ఎట్టా ఉన్నాయండీ? నా బోటెక్కి కర్రతో తిరిగొచ్చినవాళ్ళు లేరండీ, అబద్ధమైతే నా ఇంజను ఆగిపోవాలి."

"మా మరదలు ఎక్కుతోందిగా, ఆగినా ఆగుద్ది" అంది రమణమ్మ. బాబూరావు గట్టిగా నవ్వాడు. మాణిక్యం గారు కూడా నవ్వారు.

ఇంజను ఒక్కసారి గొంతు చించుకుని లేచింది. బోటు ముక్కు పైకెత్తి ఎదురునీటిలో దూకింది. మంచులో ఒడ్డు కనిపించడం మానేసింది. మడ చెట్లు నల్లగా వచ్చి నల్లగా పోతున్నాయి. నీటి తుంపర ముఖాన కొడుతుంటే సూదులతో గుచ్చినట్టుంది. జ్ఞానమ్మ లైఫ్ జాకెట్టు మీద దుప్పటి కప్పుకుని వణుకుతోంది. బోటు అడుగున చేరిన చల్లనీళ్ళు ఆమె చెప్పుల్లోకి వెళ్ళాయి. ముఖానికి, చేతులకి, పిక్కలకి అంత చలి. పాదాలు మాత్రం ఎవరివో అన్నట్టు ఊరుకున్నాయి.

'తిరిగొచ్చేటప్పుడు ఈ చలి నా పాదాలకి కూడా పెట్టు ప్రభువా' అనుకుంది.

లంక మీద మంచు ఆవిరిలో కలిసిపోయి ఉంది. తుప్పుపట్టిన పైపులోంచి నీళ్ళు బుసకొడుతూ వచ్చి మొదటి మడుగులో పడుతున్నాయి. అందులోంచి పొంగి రెండో మడుగులోకి, అక్కణ్ణుంచి కాలవలాగా పారి వెడల్పాటి మూడో మడుగులోకి వెళ్తున్నాయి. గట్టు మీదున్న తుమ్మచెట్టు కొమ్మలకి చేతికర్రలు వేలాడుతున్నాయి.

"అన్నీ వదిలేసి ఎల్లినయ్యేనండీ. స్నానం మూడో దాంట్లో చెయ్యండి. రెండో దాంట్లో తువ్వాళ్ళు ముంచి పిండి మోకాళ్ళకి చుట్టుకోండి. మొదటి దాని దగ్గరికి ఎల్లొద్దు, మేం గుడ్లు ఉడకేసుకునేది అందులోనే" అని చెప్పి బాబూరావు ఇంజనులో డీజిలు పోయడానికి రేవు దగ్గరే ఉండిపోయాడు.

మూడో మడుగు గట్టు మీద రాతిపలక వేసి ఉంది. జ్ఞానమ్మ దాని మీద కూర్చుని చెప్పులూ మేజోళ్ళూ విప్పింది. వంగి నీళ్ళల్లో చెయ్యి పెట్టింది. గోరువెచ్చగా, హాయిగా ఉన్నాయి. పాదాలు దించింది. మాణిక్యం గారు పక్కన గొంతుక్కూర్చుని ఆమె ముఖంలోకి చూశారు.

"తెలుస్తోందా?"

"లేదండీ."

కాసేపటికి మళ్ళీ, "ఇప్పుడు?"

"లేదండీ."

రమణమ్మ చీర పైకి దోపుకుని మోకాళ్ళ దాకా దిగి నిలబడింది. "ఈ నీళ్ళు దీనికేం చాలతాయి తమ్ముడూ, చంటిపిల్లల నీళ్ళు. అక్కడ కూర్చోబెట్టు."

"అది తువ్వాళ్ళు ముంచుకునే మడుగు వదినా."

"ఆ బోటువాడు చెప్పింది జ్ఞాపకముంది గాని, దేవుడు చెప్పింది జ్ఞాపకం లేదు. ఎల్లుండి సంఘం ముందు మావాడు తల ఎక్కడ పెట్టుకోవాలి? ముప్ఫై ఏళ్ళు వండిపెట్టావు, సంతోషం. ఒక్క సాక్ష్యం నిలబెట్టలేవా?"

మాణిక్యం గారు భార్య చంక కింద చెయ్యివేసి లేపారు. ఆ లేపడంలో ప్రేమ ఉంది. ఆమె కాలికింద రాయి రాకుండా చూసుకుంటూ, జారకుండా పట్టుకుని, రెండో మడుగు గట్టు దాకా నడిపించారు. అక్కడ ఆవిరి ముఖానికి కొట్టింది.

జ్ఞానమ్మ కూర్చుని, అలవాటు ప్రకారం ముందు చెయ్యి చాపింది.

రమణమ్మ ఆ చెయ్యి పట్టేసుకుంది.

"ఇదిగో, ఇదే. ఈ చూసుకోవడమే నీ రోగం. పరీక్ష పెడుతున్నావా? చూసి నమ్మేది నమ్మకమేనా?"

జ్ఞానమ్మ భర్త వైపు చూసింది. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు, పెదవులు కదులుతున్నాయి. ప్రార్థిస్తున్న మనిషిని కదపకూడదని ఆమెకు చిన్నప్పటి నుంచి నేర్పారు.

దేవుణ్ణి పరీక్షించకూడదని మనందరం చదువుకున్నాం. నీళ్ళను పరీక్షించవచ్చునో లేదో మనకెవరూ విడిగా చెప్పలేదు. చెప్పవలసిన పనేమిటని అనుకుని ఉంటారు.

ఆమె పాదాలు దించింది. ఏమీ తెలియలేదు. తెలియడం లేదని చెప్పడానికి నోరు రాక ఇంకాస్త దించింది. నీళ్ళు చీలమండలు దాటి మేజోడు అంచు ఎక్కడిదాకా వస్తుందో అక్కడికి, దానిపైన పిక్కకి తగిలాయి.

చురుక్కుమంది.

"అమ్మా!" అంది. మూడేళ్ళ తర్వాత కాళ్ళ దగ్గర వేడి. "ఏవండీ! తెలుస్తోందండీ! కాలుతోందండీ!"

మాణిక్యం గారు కళ్ళు తెరిచారు. ఆమె ముఖం చూసి ఆయనకు ఏడుపొచ్చింది. "నిజమేనా జ్ఞానం? నాకోసం అనట్లేదు కదా?"

"నిజమండీ. నాకు నిజంగా తెలుస్తోంది. ఇదిగో, ఇక్కడ."

"తియ్యకు, తియ్యకు. ఇప్పుడే కదా తెలివొచ్చింది, పూర్తిగా రానియ్యి" అంది రమణమ్మ. ఆవిడ కళ్ళల్లో కూడా నీళ్ళు తిరిగాయి. చెయ్యెత్తి పాట అందుకుంది. మాణిక్యం గారు గొంతు కలిపారు. కాలుతుంటే జ్ఞానమ్మ పిక్కలు కొంచెం పైకి లాక్కుంది, పాదాలు నీళ్ళల్లోనే ఉంచింది. పళ్ళు బిగించి నవ్వుతూ తను కూడా పాడింది. పాట మూడు చరణాలూ పాడారు.

పాదాలు బయటికి తీసేసరికి ఎర్రగా నిగనిగలాడుతున్నాయి.

"చూశావా తమ్ముడూ, రక్తం ఎట్టా పరుగెత్తుకొచ్చిందో! పాలిపోయిన కాళ్ళు. పెళ్ళికూతురి పాదాల్లా ఉన్నాయి" అంటూ రమణమ్మ తన ఒళ్ళో పెట్టుకుని తువ్వాలుతో గట్టిగా తుడిచింది. అంతకు ముందెప్పుడూ ఆవిడ మరదలి కాళ్ళు ముట్టుకోలేదు. చలిగాలి తగలకూడదని మేజోళ్ళు తొడిగి, చెప్పులు వేసింది.

జ్ఞానమ్మ లేచి నిలబడింది. కర్ర కోసం చెయ్యి చాపితే మాణిక్యం గారు ఇవ్వలేదు. "అది లేకుండా నడు" అన్నారు నవ్వుతూ.

ఆమె నడిచింది. గులకరాళ్ళ మీద, గట్టు దిగి, రేవు దాకా, భర్త భుజం పట్టుకుని నడిచింది. ఒక్క అడుగు కూడా నొప్పి పుట్టలేదు.

బాబూరావు ఈల వేశాడు. "చెప్పానా మాస్టారూ! ఇటివ్వండి ఆ కర్ర." పరుగున వెళ్ళి తుమ్మచెట్టుకి కట్టాడు. ముగ్గురినీ ఆ చెట్టు దగ్గరికి పిలిచి నిలబెట్టి మాణిక్యం గారి ఫోనుతో ఫోటో తీశాడు. ఆ ఫోటో అక్కడి నుంచే సంఘం వాట్సాప్ గ్రూపుకి వెళ్ళింది.

తిరుగు దారిలో మంచు విడిచింది. ఈసారి నీటివాలున బోటు జారినట్టు పోతోంది. చలి మాత్రం అలాగే ఉంది. జ్ఞానమ్మ తన పాదాల వైపే చూస్తూ కూర్చుంది. చలి ఎప్పుడు తెలుస్తుందా అని చూస్తోంది. తుంపర పడింది. బోటు అడుగున నీళ్ళు అటూ ఇటూ కదిలి మేజోళ్ళు తడిశాయి. చలి తెలియలేదు. పిక్కలకు మాత్రం మంట పుడుతోంది.

"ఏవండీ, వేడి తెలిసింది కదా, చలి తెలియట్లేదేంటి?"

"వేడి ఇంకా లోపలుంటుంది జ్ఞానం."

"అత్తయ్యగారూ, మేజోళ్ళు తీసెయ్యండి, తడిసిపోయినయ్యి" అన్నాడు బాబూరావు వెనక నుంచి.

ఆమె వంగి కుడి మేజోడు అంచు పట్టుకుని లాగింది. కొంచెం పట్టినట్టుంటే గట్టిగా లాగింది. మేజోడుతో పాటు పాదం మీది చర్మం, పిండిన గుడ్డలాగా, మడమ దాకా ఊడి వచ్చింది.

రమణమ్మ ఒక్కసారి బోటు అంచు మీదకి వంగి వాంతి చేసుకుంది. బాబూరావు ఇంజను ఆపేశాడు. ఉన్నట్టుండి నది అంతా నిశ్శబ్దమైపోయింది. జ్ఞానమ్మ మేజోడు చేత్తో పట్టుకుని, ఎర్రటి ఆ పాదం వైపు మర్యాదగా, ఇంకొకరి వస్తువును చూసినట్టు చూసింది.

"నొప్పి లేదండీ" అంది భర్తతో, ఆయన భయపడుతున్నాడని.

నిస్సీ పనిచేసే ఆస్పత్రికే తీసుకెళ్ళారు. కట్లు కట్టాక నిస్సీ తండ్రిని వరండాలోకి పిలిచింది.

"నాన్నా, అమ్మ ముందు చెయ్యి పెట్టి చూడలేదా?"

"పెట్టబోయింది."

"పెట్టబోతే?"

మాణిక్యం గారు గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ నిలబడ్డారు. వెనక బెంచీ మీద నుంచి రమణమ్మ అంది, "పైనుంచి పరీక్ష వస్తే మనమేం చేస్తామే? నీ ఆస్పత్రి మాటలన్నీ విని విని దాని విశ్వాసం సగంలోనే ఆగిపోయింది. పూర్తిగా నమ్మితే కాలేదా?"

నిస్సీ అత్త వైపు చూసింది. "మీరు ఇంటికెళ్ళండత్తా" అని మాత్రం అంది.

సర్జన్ గారు ఆదివారం పొద్దున చూశారు. కుడి కాలివి రెండు వేళ్ళు తీసేయాలన్నారు, పాదం సంగతి తర్వాత చూద్దామన్నారు. హుషారైన మనిషి. "అదృష్టవంతులమ్మా మీరు. ఇంకొకళ్ళయితే ఈ కాలికి ఆస్పత్రి పైకప్పు లేచిపోయేలా అరిచేవాళ్ళు" అన్నారు.

సర్జన్ వెళ్ళిన కాసేపటికి మాణిక్యం గారి ఫోను మోగింది. గుళ్ళో సాక్ష్యాలు మొదలయ్యాయి. కట్ల సంగతి ఆయన పాస్టరు గారికి చెప్పలేదు. జ్ఞానం కొంచెం నీరసంగా ఉంది, ఫోనులోనే చెబుతుందని చెప్పారు. ఫోను మంచం మీద పెట్టి స్పీకరు నొక్కారు.

"అమ్మగారూ, వందనాలు. ఫోటో చూశాం, అందరం సంతోషించాం. సంఘం వింటోంది. మీ కాళ్ళకి వేడి తెలిసిందా అమ్మగారూ?"

జ్ఞానమ్మ కొంగు తలమీదికి లాక్కుంది, గుళ్ళో ఉన్నట్టే.

"తెలిసిందండి" అంది.

అవతల హల్లెలూయా మోగింది, పాట అందుకున్నారు. మాణిక్యం గారు బొటనవేలితో మైకు గుర్తు నొక్కారు. ఆమె ఆ సంగతి చూడలేదు. ఫోను వైపు వంగి నిదానంగా, తప్పు పోకుండా, రెండు రోజుల నుంచి మనసులో కూర్చుకున్న మాటలు చెబుతూ పోయింది.

"పిక్కకి తెలిసిందండి. పిక్కకి ఎప్పుడూ తెలుస్తుంది. పాదాలకి తెలియలేదు. నేను సంతోషంలో పాదాలకే తెలిసిందనుకున్నాను. పాదాలు కాలిపోయాయి. వేళ్ళు తీసేస్తారంట. ఇంకెవరైనా వెళ్తే, చేత్తో చూసుకుని పెట్టమనండి. అదేం పాపం కాదనుకుంటున్నానండి. పాపమైతే దేవుడు నన్నడుగుతాడు. అంతేనండి."

అవతల పాట అయిపోయింది. శుక్రవారం లంకకు వెళ్ళదలిచిన వాళ్ళు ఆరాధన తర్వాత పేర్లు ఇవ్వాలని, బోటు అతనితో మాట్లాడామని, షుగరున్న పెద్దవాళ్ళకు ముందు వరస అని పాస్టరు గారి గొంతు వినిపించింది.

జ్ఞానమ్మ ఫోను వైపు చూసింది. తర్వాత మైకు గుర్తు మీదున్న గీత వైపు చూసింది. ఆమెకు చదువొచ్చు.

"వాళ్ళకి వినపడలేదా అండీ?"

"వినపడింది. మొదటిది వినపడింది" అన్నారు మాణిక్యం గారు.

"అయితే రెండోది మీరు చెప్పండి. ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి. వాళ్ళు శుక్రవారం వెళ్తారు."

ఆయన ఫోను చేతిలోకి తీసుకున్నారు. కాసేపు పట్టుకున్నారు. చొక్కా జేబులో పెట్టుకున్నారు. "ఆరాధన అయిపోనీ" అన్నారు.

ఆమె కళ్ళు మూసుకుని ఎదురుచూసింది. ఆరాధన అయిపోయే వేళ దాటింది. కళ్ళు తెరిచి చూస్తే ఆయన మంచం చివర కూర్చుని ఉన్నారు. ఫోను జేబులోనే ఉంది. ఆయన చెయ్యి ఆమె పాదం కట్టు మీద ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో ఆమెకు తెలియలేదు.